టెస్ట్ పేజీ

కొత్తవాడల మా ఇంట్ల
మగ్గం గుంత పూడ్చిన జాగల
బల్లేసి ప్రింటర్ పెట్టిన.
వైరు జానెడే.
అయినా కంప్యూటర్ అంటది,
ఏ ప్రింటరూ కనవడలేదని.
పంచాయితీ అయిన పాలోళ్ల లెక్క
ఎదురుబొదురు కూసోని మాటల్లేవు.

డ్రైవర్ దించిన, తీసేసిన, మళ్ల దించిన.
మూడోపారికి కరెంటు పోయింది.

రాత్రి పదింటికి ఎందుకో కలిసినయి.
లోపట డబ్బీ అటూ ఇటూ ఉరుకుతుంటే
మా మామ రాజమొగిలి
మంచంల లేసి కూసున్నడు:
"నాడె గింత మెల్లగ ఆడుతదా?"

కాయితం బయటికొచ్చింది,
ఎరుపు, పసుపు, నీలం పట్టీలు.
కండ్లకాడికి తీసుకున్నడు.
నలభై ఏండ్లు జంపఖానాలు నేసిన బొటనేలు
తడిజేసి రుద్దిండు.
నీలం అంటింది.

"పక్కా రంగు గాదు బిడ్డా,
గిరాకికి ముందే చెప్పు."