రేకు కింద బొంత

పనిలో చేరిన రోజు నాకొక తుపాకీ ఇచ్చారు.
గుండ్లుండవు. మీట నొక్కితే
ఎర్రచుక్క పడ్డచోట వేడి ఎంతో చెబుతుంది.
దాన్ని సంచిలో వేసుకుని
ఆదోనిలో, పత్తిమిల్లు వెనక సందుల్లో
మే నెలంతా తిరిగాను.
పేదల ఇంటికప్పుకు తెల్లరంగు,
పాత ఫ్యానుకు బదులు కొత్త ఫ్యాను,
పథకం అంతే. ఫారం మాత్రం ఆరు పేజీలు.

దూదేకుల కాశింబీ ఇల్లు ఆ పూట పదకొండోది.
రేకు ఎగిరిపోకుండా పైన నాలుగు బండలు,
ఒక లారీ టైరు, పగిలిన రోలు.
నిచ్చెనెక్కి నొక్కాను: అరవై మూడు.
దిగి రేకు అడుగున నొక్కాను: యాభై ఎనిమిది.
చదివి వినిపిస్తే నవ్వింది.
"ఇది చెప్పనీకె మిషనా అప్పా?
నా వీపునడిగింటే చెప్తుండె గదా."

ఫ్యాను తిరుగుతోంది,
రెక్కలకు నూలుదుమ్ము పట్టి,
కొలిమితిత్తిలా
పైనున్న సెగను కిందికి తోస్తూ.
దానికి నెలకు మూడొందల పన్నెండు బిల్లు.

"మా అత్తోళ్లది మట్టిమిద్దె.
దంతెల మీద జానెడు చౌడు.
ఎండ పైనుంచి కిందికి దిగేలోపల
పొద్దు గూకేది.
ఈ రేకుకు ఓపిక లేదు,
తగిలిందంతా అప్పుడే మన నెత్తిన పోస్తాది."

అలవాటుగా గది మూలకు గురిపెట్టి నొక్కాను:
నలభై ఒకటి.
మిషను చెడిందనుకున్నాను. మళ్లీ నొక్కాను.
నలభై ఒకటే.
తలెత్తి చూస్తే అక్కడ
రేకుకు బెత్తెడు కింద, బైండింగు తీగలతో కట్టి,
ఒక బొంత వేలాడుతోంది.
పాత చీరల నడుమ మిల్లు తుక్కుపత్తి,
వేలెడు మందం, అడ్డంగా నిలువుగా కుట్లు.
కింద చాపమీద పసిబిడ్డ,
నోరు తెరుచుకుని నిద్ర.

"మా ఆయన మౌలాలి బతికున్నన్నాళ్లూ
విల్లు పట్టి దూదేకినాడు.
చలికాలమంతా ఊరికి మేమే వెచ్చన.
చలిని ఆపేది ఎండను ఆపదా?"

నా దగ్గర జవాబు లేదు.
ఫారంలో గడి కూడా లేదు.

నాలుగో పేజీలో అడిగాను,
ఇల్లు ఎవరి పేరున?
"గురులింగప్ప శెట్టిది. బాడుగ రెండువేలు."
ఇంటాయన సంతకం కావాలమ్మా.
"చేస్తాడు. చేసి, ఇల్లు సల్లబడింది గదా అని
మున్నూరు పెంచుతాడు.
మీ ఫ్యానుతో నాకు మిగిలేదెంత?"
లెక్కేశాను. నెలకు నూట నలభై.
ఆమె వేళ్లమీద నాకంటే ముందే తేల్చింది.

పక్కిల్లు సొంతిల్లు. నిన్ననే తెల్లరంగు పడింది.
ఆ కప్పుమీది వెలుగు ఎగిరొచ్చి
కాశింబీ గడపలో పడుతోంది,
కళ్లు మూసుకునేంత.
నేను సంతకం పెట్టించిన చల్లదనమే అది.

పోదామని లేస్తుంటే కనపడింది:
బొంత అంచుకు ఆనుకుని
తోలు లేచిపోయిన కరెంటు వైరు.
గుండె జల్లుమంది.
అది మా పథకంలో లేదు.
మెయిను ఆపి, సంచిలోంచి టేపు తీసి,
వైరు తప్పించి గోడకు మేకులు కొట్టాను.
ముప్పావుగంట.
ఆ రోజు పన్నెండో ఇంటికి పోలేదు.

ఆమె నా చేతిలోంచి తుపాకీ తీసుకుని
నా నుదుటికి గురిపెట్టింది.
"ముప్పై తొమ్మిది. నువ్వూ రేకువే నాయనా,
కూర్చో, నీళ్లు తాగు."
బిడ్డ పక్కన, బొంత కింద కూర్చున్నాను.

ఆఖరు పేజీ రిమార్కుల్లో రాశాను:
'దూది, వేలెడు మందం. పనిచేస్తోంది.'
జూన్‌లో ఆఫీసు నుంచి కాగితం తిరిగొచ్చింది,
ఎర్రసిరాతో 'వర్తించదు' అని.

ఆ కాగితం చూపిద్దామని పోతే
కాశింబీ తల ఎత్తలేదు.
సూది పళ్ల నడుమ,
ఒళ్లో ఎవరిదో పచ్చచీర.
"అవతలి సందులో రెండిండ్లోళ్లు అడిగినారు.
టేపు తెచ్చినావా?"