నాన్న వేలు ఆగినచోట

తాడిపత్రిలో తెల్లారేది పొద్దుతో కాదు,
బండల పాలిషింగు మిషను మోతతో.
పిండి జల్లించినట్టు ఊరంతా రాతిదుమ్ము,
వేపాకుల మీద, ఆరేసిన చీరల మీద,
నా మొదటి నోటుపుస్తకం అట్ట మీద.

ఆ పుస్తకంలో రాసినవన్నీ
చెవుల కోసం రాసినవి.
ప్రాస కోసం ఎన్ని అబద్ధాలాడానో లెక్కలేదు.
చినుకు అని రాశాక వణుకు రావాలి గనక
మే నెల ఎండలో వణికాను.
అనంతపురం పోటీలో కప్పు వచ్చింది.
చప్పట్లు కొట్టినవాళ్ళలో నాన్న కూడా ఉన్నాడు.
పక్కవాళ్ళ చేతులు చూసి మొదలుపెట్టి
వాళ్ళు ఆపాక
కాస్త ఆలస్యంగా ఆపాడు.

ఇరవై రెండేళ్ళు కోత మిషను పక్కన నిలబడ్డ మనిషి.
ముందు పిచ్చుకలు పోయాయి ఆయనకు,
తర్వాత కుక్కరు విజిలు,
తర్వాత అమ్మ సణుగుడు
(ఇదొక్కటే లాభం అనేది అమ్మ),
ఆఖర్న నేను.

ఆ రాత్రి కప్పును బియ్యం డబ్బా పక్కన పెట్టి
కాగితం ఇమ్మని చెయ్యి చాపాడు.
మూడో తరగతి చదువు.
సగం గోరున్న చూపుడువేలు ఆనించి
అక్షరం వెంట అక్షరం తోసుకుంటూ పోయాడు.
నా ప్రాసలు ఒక్కొక్కటే
ఆ వేలి కింద నలిగిపోవడం చూశాను.
మోత తీసేస్తే వాటిలో
మిగిలిందేమీ లేదు.
"బాగుండాది పాపా" అన్నాడు,
వీధికంతా వినబడేట్టు.
"అయితే ఆ సినుకు యాడ పడింది?"

నేను చెప్పలేకపోయాను.
మాకు ఆ ఏడు పడలేదు.

ఆదివారం గనిలో
దస్తగిరి మామ నాపరాయి చీలుస్తుంటే కూర్చుని చూశాను.
ఉలి పెట్టే ముందు నీళ్ళు చల్లి
ఎద్దు వీపు నిమిరినట్టు నిమురుతాడు.
"పొర యాడుండాదో రాయే సెప్తాది మే.
మనం ఇరగ్గొడితే పెంకులు. అది ఇరిగితే బండ."
కవిత్వం సంగతే చెబుతున్నాడనుకొని తలూపాను.
ఆయన మాత్రం అడుగు బండకు
షావుకారు ఎంత కోసేస్తున్నాడో
చెప్పుకుంటూ పోయాడు.

ఇంటికొచ్చి కూర్చుంటే
కాగితం కాగితంగానే ఉంది.
నాన్న ఎదురుగా కూర్చొని
"రాయి" అన్నాడు.
మా ఊళ్ళో ఆ మాటకు రెండర్థాలు.
రెండూ బరువే.

శ్రమజీవి అని రాసి కొట్టేశాను.
శిలలకు ప్రాణం పోసినవాడా అని రాశాను,
ఆయన పోసింది నీళ్ళు, రంపం వేడెక్కకుండా.
అదీ కొట్టేశాను.
రబ్బరు రుద్దిరుద్ది కాగితం చిరిగింది.
కరెంటు పోయింది, వచ్చింది.
అర్ధరాత్రి దాటాక ఇంత మిగిలింది:

నాన్న జేబులో దూది ఉంటుంది.
కంపెనీ ఇచ్చింది కాదు,
దీపం వత్తులకని అమ్మ తెచ్చుకున్నది.
ఇప్పుడు ఏ మోతా వినబడకపోయినా
పొద్దున్నే రెండు ఉండలు చేసి
చెవుల్లో పెట్టుకునే
పోతాడు.

పొద్దున టీ గ్లాసుతోపాటు ఇచ్చాను.
వేలు కదిలింది.
వత్తుల దగ్గర ఓసారి ఆగి అమ్మ వైపు చూశాడు.
చెవుల్లో పెట్టుకునే, దగ్గర ఆగి
చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.
టీ మీద మీగడ కట్టింది.
లైను ఎక్కడ విరగాలో
ఎవరూ చెప్పనక్కర లేకపోయింది నాకు.

అప్పుడు పెన్సిలు అడిగి
మొదటి లైనులో ఒక మాట కింద గీత గీశాడు.
"దూది కాదు పాపా.
దూది అయిపోయి యాడాది.
ఇది నీ తమ్ముని పాత బనీను గుడ్డ."
జేబులోంచి తీసి చూపించాడు.
నీలం చారలు, ఇంకా కనిపిస్తున్నాయి.

దూది కొట్టేసి
గుడ్డ అని రాశాను.