వెయ్యిన్ని ఏడు

పుంతా అరేనాస్‌లో గాలి ముదిరిన రోజున
మునిసిపాలిటీ వాళ్ళు వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు.
ముసలీ ముతకా వాటిని పట్టుకుని రోడ్డు దాటతారు.
అలాంటి రోజునే
పాత సర్వర్ని దింపి కొత్తదాన్ని ఎక్కించాను.

ఓడల మరమ్మతు యార్డు మాది.
కింద షెడ్డులో వెల్డింగు, పైన డ్రాయింగు గది,
మెట్ల కింద, చీపుళ్ళ పక్కన, నా సర్వరు.
పదకొండు కంప్యూటర్లకీ కలిపి ఒకటే బీరువా అన్నమాట.
ఎవరికి ఏ అర తెరుచుకోవాలో
చిన్న ఫైలులో వరసగా రాస్తాను:
డ్రాయింగులు పై గదికి, చదవడానికీ రాయడానికీ.
కొలతలు షెడ్డుకి, చదవడానికి మాత్రమే.
జీతాలు హిమేనా ఒయార్సూన్ యంత్రానికి. ఇంకెవరికీ కాదు.

యంత్రం పేరుకీ బ్రాకెట్టుకీ నడుమ
ఒక్క ఖాళీ పడిందా,
ఆ అర ఊరందరిదీ అవుతుంది.
ఒకసారి పడింది.
క్రేను నడిపే ఆయనకి మేనేజరు కన్నా జీతం ఎక్కువని
ఆ మధ్యాహ్నమే అందరికీ తెలిసింది.
అప్పట్నుంచి ఖాళీలని వేలు పెట్టి వెతుకుతాను,
పప్పులో రాళ్ళేరినట్టు.

ఇంకో వింత.
పై గది యంత్రం మీద నేను రూట్‌ని, నా మాటకి ఎదురు లేదు.
అక్కణ్ణుంచి తీగ దాటి సర్వరు గడప తొక్కానా,
'ఎవరూ కాని మనిషి' కింద జమకడుతుంది నన్ను.
ఆ నియమం రాసిందీ నేనే.

నెల తిరక్కుండా నహుయెల్ బార్రియా చేరాడు.
పంతొమ్మిదేళ్ళు. చేతిలో ఎప్పుడూ మాతే బుర్ర.
రెండో రోజే మెట్ల కిందికి వంగి చూసి,
"టగ్గు బోటు వెనక భాగం నేనే గీశానంటోందండీ,
తొంభై ఆరులో.
అప్పటికి నేను పుట్టనే లేదు," అన్నాడు.

చూద్దును గదా,
వెయ్యిన్ని ఏడు.
కొత్త జాబితాలో ఖాళీగా కనిపించి కుర్రాడికి తగిలిన అంకె.
అంతకు ముందు ముప్ఫై ఒక్క ఏళ్ళు
బాల్దోమేరో కుసానోవిచ్‌ది.
రిటైరై జలసంధి అవతల, పోర్వెనీర్‌లో ఉంటున్నాడు.
వెళ్ళిన రోజునే ఆయన ఖాతా తీసేశాను, కేకు ముక్క చేత్తో పట్టుకుని.
పేరు పోయింది.
అంకె మాత్రం బొమ్మలని అంటిపెట్టుకునే ఉంది.
సర్వరుకి మొహాలు పట్టవు.

పన్నెండు వేల నాలుగు వందల డ్రాయింగులు
ఒక్క పూటలో కుర్రాడివైపోయాయి,
వీలునామా లేకుండా, గీత గీయకుండా,
చెరిపే హక్కుతో సహా.

"ఏమైనా ముట్టుకున్నావా?"
తల అడ్డంగా ఊపాడు.
కాసేపాగి, "ఒకటి," అన్నాడు.
ప్రొపెల్లరు రెక్క దగ్గర మూడు మిల్లీమీటర్లు తేడా ఉందట,
దిద్దాడట.

బ్యాకప్ తెరిచి రెండూ పక్కపక్కన పెట్టాను.
కేటలాగు చూశాను. కుర్రాడిదే రైటు.
అయినా ఫోను చేశాను.
అవతల చాలాసేపు గాలి చప్పుడే.
"ఆ బోటు," అన్నాడు బాల్దోమేరో,
"మన దగ్గరికి వచ్చేటప్పటికే దాని రెక్క వంగింది.
వంకరని వంకరగానే గీశాను."

పాతదాన్ని తిరిగి పెట్టాను.
నహుయెల్‌కి వెయ్యిన్ని ముప్ఫై రెండు ఇచ్చాను, ఎవరూ తొడిగి విడవని అంకె.
వెయ్యిన్ని ఏడు ఎదురుగా
పాత పేరు మళ్ళీ టైపు చేశాను,
పాస్‌వర్డు లేకుండా, లాగిన్ లేకుండా.
ఆయన లోపలికి రాలేడు.
ఎవరు గీశారని అడిగితే మాత్రం యంత్రం చెబుతుంది.
బృందానికి చదివే హక్కు ఉంచి, రాసే హక్కు తీసేశాను.

సాయంత్రం పైకి వెళ్తే
కుర్రాడు ఆ రెక్కని తెర నిండా తెరిచి
పక్కన ఖాళీ కాగితంలో
ఆ వంపుని మొదట్నుంచి గీస్తున్నాడు.
మూడోసారి చెరిపాడు. నన్ను చూడలేదు.

బయట గాలి తగ్గింది.
తాళ్ళు విప్పడానికి ఇంకా ఎవరూ రాలేదు.