పదకొండు బరకాలు

పొద్దున తొమ్మిదికే చెమట కళ్లలోకి దిగింది.
కొబ్బరాకు కొస కూడా కదల్లేదు.
కాలవ కట్టేసి వారమైంది,
లాకుల దిగువ మిగిలిన మడుగులో
గేదెలు ముక్కులు మాత్రం పైకి పెట్టి పడుకున్నాయి.

ఊరందరి జేబుల్లోనూ ఒక్కసారే అరిచాయి ఫోన్లు.
మధ్యాహ్నం రెండు దాటాక ఈదురు గాలులు,
ఉరుములు, పిడుగులు పడే అవకాశం,
చెట్ల కింద నిలబడకండి.
మంగాయమ్మ మనవడి చేత చదివించుకుని నవ్వింది:
"చెట్టు కింద కాని చోటు మన సీమలో ఎక్కడుందిరా?
కాస్త ఆ ఫోన్నే అడిగి చెప్పు."

నాకు మాత్రం ఆ మెసేజి బేరం.
బరకాలు అద్దెకిస్తాను.
మామూలప్పుడు రోజుకి ముప్పై,
మబ్బు పట్టిన రోజు అరవై.
మొత్తం పదకొండు. ఒకదానికి కంతలు.

గట్టు రోడ్డు పొడుగునా దాళ్వా ధాన్యం,
సగం రోడ్డు బస్సుకి, సగం గింజకి.
తేమ పదిహేడు దాటితే లారీ ఎక్కదు,
నిన్న పంతొమ్మిది చూపించింది మిషను.
ఇంకొక్క పూట, ఒక్క పూట కాయమని
మూడు రోజులుగా అందరం ఎండనే బతిమాలుతున్నాం.
ఆ ఎండే పడమట కూర్చుని
మబ్బుకి పాలు పడుతోంది.

మా నాన్న చైత్రమాసం మబ్బుని నమ్మేవాడు కాదు.
కొండల మీద పుట్టి, రాజమండ్రి దాకా గర్జించి,
మన పొలిమేర కొచ్చేసరికి గొంతు పోతుంది దానికి, అనేవాడు.
ఒక ఏడు పోలేదు.
నాలుగో రోజు రాశిలో చెయ్యి పెడితే
జొరమొచ్చిన ఒంటిలా వేడి,
పులిసిన వాసన,
వేళ్లకి చుట్టుకున్న తెల్లటి మొలకలు.
ఆ తర్వాతే కొన్నాం మొదటి బరకం.

ఒంటిగంటకి పది వెళ్లిపోయాయి.
మంగాయమ్మ ఆఖర్న వచ్చింది.
కౌలు ఎకరంనర, ఆరబోసిన గింజ అంతా కలిపి ముప్పై ఎనిమిది బస్తాలు.
"కంతలకి కూడా అరవయ్యేనా?"
నేను మాట్లాడలేదు.
"పోనీ, కంతలు లెక్కపెట్టి తగ్గించు."

పడమర ముందు నీలం, తర్వాత వంకాయ రంగు,
తర్వాత రంగే లేదు.
గాలి వచ్చింది.
రావడం కాదు, దూకింది.
తాడు ముడి పడేలోగా బరకం లేచింది,
దాని కొస పట్టుకుని మంగాయమ్మ కూడా మూరెడు లేచింది.
రాళ్లు ఆగలేదు, ఇటుకలు ఆగలేదు,
ఒక మూల ఆవిడ కూర్చుంది, ఒక మూల నేను.
నెత్తిన కొబ్బరిచెట్లు పిచ్చెత్తిన జుట్టుతో ఊగుతున్నాయి,
జేబులో ఫోను మళ్లీ అరుస్తోంది.
"నిలబడొద్దన్నారు గదా," అంది మంగాయమ్మ,
"కూర్చున్నాం గదా మనం!"

వాన కాదది, ఎవరో గుప్పిళ్లతో కంకర విసిరారు.
ఆవిడ ఒక కంత మీద అరచెయ్యి మూసింది,
ఇంకో కంత మీద నేను.
మెరిసినప్పుడల్లా మా చేతులు మాత్రమే కనిపించాయి,
ఎవరివో తెలియని చేతుల్లా.
అప్పుడు కాలవ అవతల, చప్పుడు కన్నా ముందు వెలుగు,
ఒక చెట్టు మొవ్వు కాగడాలా అంటుకుంది.
మంగాయమ్మ నవ్వు ఆగిపోయింది.
నా చెయ్యి ఎందుకో కంత మీంచి లేవలేదు.

ఇరవై నిమిషాలు. అంతే.
తర్వాత కప్పలు, మామిడి పిందెల కోసం
గోనెలు నెత్తిన వేసుకుని పరిగెత్తిన పిల్లలు,
తడిసిన మట్టి వాసన, కాలిన కొబ్బరి వాసన కలిసి.
మంగాయమ్మ రాశిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి
చాలాసేపు ఏమీ చెప్పలేదు.
ముడి విప్పి మూడు తడి నోట్లు ఇచ్చింది.
తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో
రాత్రి భోజనం దగ్గర మా ఆవిడ అడిగింది.

తొమ్మిది బరకాలు తిరిగొచ్చాయి.
ఒకటి మంగాయమ్మ రాశి మీదే ఉంది.
ఒకటి పంచాయతీ ఆఫీసు వెనక
ఎనభై అడుగుల చెట్టు మీద
నీలం జెండాలా వేలాడుతోంది,
దించడానికి ఎక్కేవాడు దొరకలేదు.

రేపటికి మళ్లీ ఉందట హెచ్చరిక.
రేటు ఎంత చెప్పాలో
ఇంకా తేలలేదు నాకు.