అంచు పొడవు

బరంపురం కోర్టు వెనక మా జిరాక్సు కొట్టు
రాత్రి తొమ్మిదింటికి సగం షట్టరు దించుకుంటుంది.
పెళ్లికార్డుల పని అయిపోతుంది:
ఒక వైపు ఒడియా, ఒక వైపు తెలుగు,
వినాయకుడు మాత్రం ఇద్దరికీ ఒక్కడే.
అప్పుడు నేనొక లెక్క తెరుస్తాను.

చిన్న లెక్క. ఒక్క వరస.
తన జవాబును తానే మింగి
మళ్ళీ తననే అడుగుతుంది.
లక్షసార్లు అడిగాక
తెర మీద ఒక ఫెర్ను ఆకు విచ్చుకుంటుంది.
ఆకు నిండా ఆకులు,
ఆఖరి ఆకు కొసన మళ్ళీ మొదటిదే.

మొన్న ఆ లెక్కలోకి కుంభాన్ని పంపాను.
మన పట్టుచీర అంచు మీద
బారుగా నిలబడే గుడి కొసలున్నాయే, అదే కుంభం.
త్రికోణం, దాని భుజం మీద త్రికోణం,
దాని భుజం మీద,
కరెంటు పోయింది.
నలభై మూడు శాతం దగ్గర.

మళ్ళీ మొదలెట్టాను.
తెల్లారేసరికి తెరంతా శిఖరం.
పెద్ద శిఖరం ఒళ్ళో చిన్నవి,
వాటి ఒళ్ళో ఇంకా చిన్నవి.
ఎప్పుడో మహేంద్రగిరి ఎక్కి, ఆయాసంతో,
రాతి గుడి ముందు నిలబడినప్పుడు
ఇంచుమించు ఇలాగే కళ్ళు తిరిగాయి.

ప్రింటు తీసి కూర్మన్న ఇంటికి పట్టుకెళ్ళాను.
గుంట మగ్గంలో నడుం దాకా మునిగి ఉన్నాడు.
మూడు నాడెలు,
నడిమి బట్టకొకటి, అంచులకు చెరొకటి.
అవతలి కొసన నూకరత్నం.
కాగితాన్ని కిటికీ వెలుగులో చూశాడు.
తలకిందులుగా చూశాడు,
దానికి అదీ ఇదీ ఒకటే.
“బాగుంది సుభద్రా. గానీ అంచెక్కడ?”
అంతా అంచే, అన్నాను.
“మరయితే చీరేది?”

నూకరత్నం ఒడియాలో ఏదో అంది,
చివరి మాట తెలుగులో పడింది,
ఇద్దరూ నవ్వారు.
నేను నవ్వలేదు.

ఆ రాత్రి కుంభాన్ని పక్కన పెట్టి మ్యాపు తెరిచాను.
ఇచ్ఛాపురం దగ్గర రెండు రాష్ట్రాల మధ్య
స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత.
దగ్గరికి లాగాను, వంగింది.
ఇంకా లాగాను,
ఒక జీడితోటను కోసుకుంటూ, ఒక బోరింగును తప్పుకుంటూ పోయింది.
ఇంకా లాగితే మసక గళ్ళు. అక్కడితో మ్యాపు అయిపోయింది.
గీత ఆగలేదు.
మా వదిన వంటింట్లోకొచ్చింది,
పొయ్యికి ఇటు పులుసు, అటు డాల్మా.
బుడ్డోడి నోట్లోకెళ్ళింది,
అన్నం అడిగేది తెలుగులో, ఎక్కాలు ఒడియాలో,
ఏడో ఎక్కం దగ్గర తడబాటు రెండిట్లోనూ.
మాటలోంచి అక్షరంలోకి దిగింది.
అక్కడా వంపే.
తాటాకు చిరగకుండా గంటం తిప్పుకున్న చెయ్యి
ఏ లిపిదైతేనేం.

కొలిచే కట్టె పొట్టిదయ్యేకొద్దీ
కొలత పెరుగుతోంది.
ఎంత దగ్గరికెళ్తే అంత పొడవు.
దీని కొస నాకు దొరకలేదు.

నెల తర్వాత కూర్మన్న కబురంపాడు.
మగ్గం మీద జానెడు ముక్క.
కుంభం భుజాన చిన్న కుంభం,
దాని భుజాన చిటికెన గోరంత ఇంకోటి.
అంతే.
“ఆ తర్వాతిదానికి దారం ఒప్పుకోలేదు,” అన్నాడు.
“నీ లెక్కకి దారం లేదు కదా, అందుకే ఆగదు.”

చాలాసేపు ఏం మాట్లాడలేకపోయాను.

నూకరత్నం నా వేలు పట్టుకుని
బట్టా అంచూ కలిసే చోట పెట్టింది.
“మొన్న అడిగాడు కదా ఈయన, అంచెక్కడని.
ఇదిగో. పచ్చదారం ఇక్కడిదాకా వచ్చి
ఎర్రదాన్ని పట్టుకుని ఎనక్కి తిరుగుద్ది.
ఎర్రదీ అంతే.
ఏదీ దాటదు. ఏదీ వదల్దు.”

కళ్ళు మూసుకుని తడిమాను.
గరుగ్గా ఉంది.