వెలుతురు చొరని పెట్టె

పెమ్మాడి నరసింగు నలభై ఏళ్ళుగా
నీళ్ళు చొరని పెట్టెలే చేశాడు.
వేట పడవలు, ఇసుక పడవలు,
ఒకసారి సినిమావాళ్ళకి ఉత్తుత్తి పడవ.
వెలుతురు చొరని పెట్టె చెయ్యమని నేనడిగితే
చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏం దాచుకుంటారండి మేడంగారూ అందులో?"
"చీకటి."
"ఆయ్," అని
చీకటికి కొలతలు రాసుకున్నాడు
అగ్గిపెట్టె వెనకాల.

నరసాపురం ఆసుపత్రిలో నేను ఎక్స్‌రేలు తీస్తాను.
విరిగిన మోచేతులు, పొగబారిన ఊపిరితిత్తులు,
కొబ్బరిచెట్టు మీంచి జారినవాళ్ళ నడుములు.
పంతొమ్మిదేళ్ళలో ఒక్క ముఖం తీయలేదు.
కొత్త మిషను వచ్చిన నెలలో
గడువు తీరిన ఫిల్ము రెండు పెట్టెలు పారెయ్యమన్నారు.
పారేసినట్టు సంతకం పెట్టి
కూరగాయల సంచిలో ఇంటికి తెచ్చుకున్నాను.
ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

తిత్తి కోసం పాలకొల్లు వెళ్ళాను.
నాటకాల హార్మోనియాలు బాగుచేసే మౌలాలి
మడత నేర్పాడు: ఒక కొండ, ఒక పల్లం,
మూలల దగ్గర మటుకు తొందరపడకు.
గొడుగు గుడ్డ రెండు వరసలు,
మధ్యన పాత క్యాలెండరు అట్ట ముక్కలు.
ఏదో ఏటి ఆషాఢం
లోపలే ఉండిపోయింది.
అయిపోయాక చెవి దగ్గర పెట్టుకుని నొక్కి చూశాడు.
"శ్రుతి లేదమ్మా. నీకక్కర్లేదు కదా," అన్నాడు
కొంచెం జాలిగా.

కటకం, చచ్చిపోయిన జిరాక్సు మిషనుది.
కుల ధ్రువపత్రాలు, పాసుపుస్తకాలు
చూసి చూసి విసిగిన కన్ను.
దానికి రెప్ప, హార్లిక్సు సీసా మూత.
వెనక అద్దానికి నేనే గరుకు పట్టించాను,
ఎమరీ పొడి, చెంచాడు నీళ్ళు,
రెండు రాత్రులు గుండ్రంగా, గుండ్రంగా.
మావారు టీవీ చప్పుడు పెంచారు.

కరెంటు పోయిన రాత్రి
పెట్టె కడుపులో సెల్లు దీపం పెట్టి మూసి చూశాం.
ఎడమ మూలన సూదిమొనంత చుక్క.
నరసింగు ముఖం ముడుచుకుంది.
"నీరైతే ఊరుతుందండి, తోడి పోసుకోవచ్చు.
ఇదేంటండి, అడక్కుండా అంతా ఒక్కసారే వచ్చేస్తది!"
గుగ్గిలం, నూనె, దూది.
పడవ సందుల్లో కూరినట్టే కూరాడు.
ఇప్పటికీ మా కెమెరా
రేవు వాసన వేస్తుంది.

పంటు రేవులో ముక్కాలిపీట మీద నిలబెట్టి
నల్లగుడ్డలోకి తల దూర్చాను.
గోదావరి పైనుంది.
పంటు నీళ్ళకి వేలాడుతోంది,
ఒక్క మోటారుసైకిలూ రాలిపడకుండా
సఖినేటిపల్లికి వెళ్తోందో, అక్కణ్ణించి వస్తోందో.
నరసింగు చాలాసేపు చూశాడు.
"బోర్లా పడిందండి," అన్నాడు గుడ్డ లోపలినించి,
"కానీ ఎవరూ మునగలేదు."

మొదటి ముఖం గెల్లి సువార్తమ్మది.
అరుగు మీద లేసు అల్లుతోంది.
పన్నెండు అంకెలు లెక్కపెడతాను, కదలకమ్మా అన్నాను.
"మొహం కదపను. చెయ్యాగితే కుట్టు జారిపోద్ది."
మూత తీశాను. ఒకటి, రెండు.
ఏడు దగ్గర ఎవరిదో కోడి అడ్డం నడిచింది.

స్నానాల గదిలో ఎర్ర బల్బు,
రొయ్యలు కడిగే ట్రేలో మందునీళ్ళు.
మెల్లిగా తేలింది:
ముఖం, ముడతలు, దుద్దు మీది రాయితో సహా.
కోడి లేదు.
చేతులు లేవు.
వాటి చోట పొగ.
ఒళ్ళోకి జారిన లేసులో మటుకు
కన్నం కన్నం లెక్కపెట్టుకోవచ్చు.

మర్నాడు ఆమె ఫిల్ముని కిటికీకెత్తి పట్టుకుంది,
ఆసుపత్రిలో అందరూ పట్టుకున్నట్టే.
"ఏం జబ్బమ్మా నాకు?"
ఏమీ లేదన్నాను. పొగ మీద నా వేలు ఆగిపోయింది.
అలవాటు.
కాసేపటికి, ఎవరూ అడక్కుండానే,
గజం లేసుకి ఎంతిస్తారో చెప్పింది.

నరసింగు ఇప్పుడు
పెట్టెని ఒక్కసారి గోదాట్లో వదిలి చూద్దామంటున్నాడు.
తేలుతుందో లేదో తెలియకపోతే
నిద్ర పట్టదట.
తేలుతుందనే నా నమ్మకం.
కానీ ఇంకా ఎనభై ఫిల్ములున్నాయి.