టేపు చివర

ముహర్రక్‌ల మా లాండ్రీ మూడు గజాల వెడల్పు.
ఇస్త్రీ బల్ల, ఆవిరి గొట్టం, వరుసగా తెల్లని తోబులు,
మేకుకు వేలాడే టేపురికార్డరు.
ముప్పై ఏండ్లల్ల మారనిది ఆ మేకొక్కటే.

వచ్చినప్పుడు నా సంచిల రెండు క్యాసెట్లు.
ఒకటి ఖాళీది, అమ్మకు నా మాటలు నింపి పంపెటందుకు.
ఒకటి ఒగ్గు మల్లారి గొంతు.
మెట్‌పల్లి దిక్కు రాత్రంత చెప్పిన కథ,
నాయిన ఎడ్లకొట్టంల కూసోని పట్టిండు.
నడుమ ఒక దూడ అరుస్తది,
కథల దూడ కాదు, మాదే.

రూముల తొమ్మిదిమందిమి.
పై మంచం కుంజుమోన్‌ది.
వాని పాటగాడు పరమేశ్వరనంట,
తేనెల నానిన పత్తి అసొంటి గొంతు.
మాట ఒక్కటి తెలువదు. అయినా జ్వరమొచ్చిన రాత్రి
నొసటి మీద తడిగుడ్డ వేసి తీసినట్టుండె.
తెల్లారి ఒగ్గు మల్లారిని చూసి సిగ్గుపడ్డ.
గంత మోటు గొంతు, డోలు పగిలేటట్టు,
పక్కోడు వింటే ఏమనుకుంటడని.
ఖాళీ టేపు అప్పటికే అమ్మకు పోయింది.
మల్లారి మీదనే పరమేశ్వరన్‌ను ఎక్కించిన.
ఇరవై నాలుగేండ్లోన్ని.
ఎర్ర బటన్, పక్కన నల్ల బటన్,
రెండు వేళ్లు, ఒక్క ఒత్తుడు.

తర్వాత వ్యాను తోలే జర్దాద్ ఖాన్
పెషావర్ రబాబు వినిపించిండు.
మూడేండ్లు నాకు మనిషి గొంతే వద్దనిపించింది.
తీగ చాలు.
ఆ తర్వాత పక్క సెలూన్‌ల రోసాలీ,
మైకు లేకున్న దువ్వెన పట్టుకొని పాడేది.
ఆమె పాడంగ రెండు కాలర్లు మాడినయ్.
అది పాట గొప్పతనమో కాదో
ఇప్పటికీ ఖాయంగ చెప్పలేను.

వెనక గల్లీల బేస్తవారం రాత్రులు
ముసలోళ్లు మట్టికుండల మీద దరువేస్తరు,
ముత్యాల పడవల పాటలు.
పదిహేనేండ్లు గా సప్పుడు రాంగనే షట్టరు దించిన.
ఏడుపు వినెటందుకా సముద్రం దాటింది?

ఒకసారి తోబులియ్యబోయిన.
బూ జాసిం పాడుతుండు. పండ్లు లేవు, గొంతుంది.
కింద ఇరవైమంది ఒక్కటే మూలుగు,
నీళ్ల అడుగున ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు.
ఉన్నట్టుండి ఆపిండు.
కుండలు ఆగినయ్. ఎవరూ కదలరు.
అయిపోయిందా అని పక్కాయనను అడిగిన.
"ఉష్, మునిగినోడు ఇంక పైకి రాలే" అన్నడు,
వాళ్ల తాత అట్ల చెప్పేటోడట.
అప్పుడు చూసుకున్న,
తోబుల మూట ఎదకు ఒత్తుకొని
నేను సుత ఊపిరి బిగవట్టిన.

ఆ రాత్రి పాత టేపు వెతికిన.
పరమేశ్వరన్ పాటలు టేపు కన్నా జర పొట్టి.
ఆఖరి పాట అయిపోయి, టక్కుమని,
వెనుకనుంచి మల్లారి!
మాట సగంల మొదలు, మాట సగంల ఆఖరు,
ఒక తాళం, నాయిన దగ్గు.
నలభై సెకన్లు.
దూడ లేదు. దూడ మీద ఎవరున్నరో నాకు తెలుసు.
కోపం రాలే ఆయన మీద.
ఆ జ్వరం రాత్రి కూడ నాదే కద.

ఇప్పుడు కొత్త పిలగాడొచ్చిండు, ప్రణీత్, నిర్మలోడు.
గుప్పిట్ల పట్టే స్పీకరు,
దాంట్ల లోకంల ఉన్న పాటలన్ని.
"మామా, నీకెవరంటే పాణం? చెప్పు, పెడ్త."
నోట్లెకు ఐదు పేర్లొచ్చినయ్, ఐదు మింగిన.
"ఏదన్న పెట్టు బిడ్డా.
పాటకు పాటకు నడుమ జర ఆపు."

వాడు ఫోన్‌ల చానసేపు వెతికి,
"గా సెట్టింగు లేదు మామా" అన్నడు.

సరేనని పెడలు తొక్కిన.
ఆవిరి లేసింది.
తోబు చెయ్యి ఒకటి కొంచెం ఉబ్బి,
మెల్లగ ఊపిరి విడిచింది.